కారు చేతులు మారింది... అద్దం మీది చీటీ ఎవరిది?

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే జాతీయ రహదారి మీద మీలో చాలామంది ప్రయాణం చేసే ఉంటారు. చౌటుప్పల్ దగ్గర పంతంగి, ఆ తరువాత కొర్లపహాడ్, ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాక చిల్లకల్లు, ఇలా మూడు చోట్ల టోలుగేట్లు వస్తాయి. సంక్రాంతి ముందు పంతంగి దగ్గర కార్లు బారులు తీరి ఉండడం ప్రతి ఏటా పత్రికల్లో చూస్తూనే ఉంటాం. కారు గేటు దగ్గరకు వస్తుంది. డ్రైవరు డబ్బు తీయడు, ఎవరితోనూ మాట్లాడడు. అడ్డుకర్ర దానంతట అదే పైకి లేస్తుంది. కొద్దిసేపటికి సెల్‌ఫోనులో "మీ ఖాతా నుంచి ఇంత సొమ్ము తీసుకున్నాము" అని సందేశం వస్తుంది.

ఈ పని చేసేది కారు ముందు అద్దానికి లోపలివైపు అంటించిన చిన్న చీటీ. దాని పేరు ఫాస్టాగ్. ఆ చీటీలో బ్యాటరీ లేదు, తీగలేదు, దీపం లేదు. మరి గేటుకు జవాబు ఎలా చెబుతోంది? సరే, చెప్పిందనుకుందాం. ఆ కారును నిన్ననే వేరొకరికి అమ్మేశారు. అప్పుడు డబ్బు ఎవరి ఖాతాలోంచి పోతుంది? మొదటి ప్రశ్న భౌతికశాస్త్రానికి సంబంధించినది, రెండోది లెక్కల పుస్తకాలకూ చట్టానికీ సంబంధించినది. రెండింటినీ కలిపి చూస్తేనే విషయం పూర్తిగా బోధపడుతుంది. ముందు మొదటి దానితో ప్రారంభిద్దాం.

గేటు దగ్గర బారు ఎందుకు పెరుగుతుంది?

ఒక చిన్న లెక్క వేయండి. డబ్బు తీసుకుని, చిల్లర ఇచ్చి, రసీదు చేతిలో పెట్టడానికి ఒక్కో కారుకు 30 సెకన్లు పడుతుందనుకుందాం. అంటే ఆ వరుసలో గంటకు 120 కార్లు మాత్రమే దాటగలవు. గంటకు 150 కార్లు వస్తుంటే? ప్రతి గంటకూ 30 కార్లు మిగిలిపోతాయి. నాలుగు గంటలయ్యేసరికి 120 కార్లు బారులో నిలబడి ఉంటాయి. చివరి కారు గేటు చేరడానికి ఇంకో గంట కావాలి. అదే కారుకు 6 సెకన్లే పడితే గంటకు 600 కార్లు దాటిపోతాయి. బారు అన్నదే ఉండదు. వచ్చే వేగం పంపే వేగాన్ని కొంచెం మించినా బారు పెరుగుతూనే పోతుందన్నది ఇందులోని కీలకం. బారులో ఇంజన్లు తిరుగుతూనే ఉంటాయి గనుక పెట్రోలూ, డీజిలూ వృథా, పొగ అదనం.

ఈ చిక్కు ఒక్క మన దేశానిదే కాదు. విలియం వికెరీ అనే ఆర్థికశాస్త్రవేత్త 1959లోనే అమెరికాలోని వాషింగ్టన్ నగరానికి, కార్లకు చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలు అమర్చి రోడ్డు రుసుమును దూరం నుంచే లెక్కించవచ్చునని సూచించాడు. ఆయనకు 1996లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1980ల చివర్లో నార్వేలోనూ, అమెరికాలోనూ ఇటువంటి గేట్లు పనిచేయసాగాయి. మన దేశంలో ఫాస్టాగ్ 2014లో వచ్చింది. 2017 డిసెంబరు 1 నుంచి అమ్మే కొత్త నాలుగు చక్రాల బండ్లకు ఇది తప్పనిసరి అయింది. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారుల టోలుగేట్లలో అన్ని వరుసలూ ఫాస్టాగ్ వరుసలే అయ్యాయి. అన్నట్టు, జాతీయ రహదారి మీద మోటారు సైకిలుకూ, స్కూటరుకూ ఈ రుసుము లేదు. అందుకే వాటికి ఈ చీటీ ఉండదు.

దీపం లేకుండా సంకేతం పంపడం

ఇప్పుడు చీటీ సంగతి. ముందు ఒక ప్రయోగం చేయండి. రాత్రి చీకటి గదిలో మీరు టార్చిలైటు పట్టుకుని ఒక మూల నిలబడండి. మీ స్నేహితుడి చేతికి చిన్న అద్దం, ఒక అట్టముక్క ఇచ్చి ఎదురుగా నిలబెట్టండి. మీరు కాంతిని అద్దం మీదికి వేయండి. అతడు అద్దాన్ని కొద్దిగా అటూ ఇటూ తిప్పి, ఆ కాంతి తిరిగి మీ మీద పడేటట్లు చేయాలి. ఆ తరువాత అట్టముక్కతో అద్దాన్ని మూస్తూ, తీస్తూ ఉండాలి. మూసినప్పుడు మీకు చీకటి; తీసినప్పుడు మెరుపు. మూయడాన్ని 0 గానూ, తీయడాన్ని 1 గానూ అనుకుంటే, మీ స్నేహితుడు తన దగ్గర దీపమే లేకుండా 1, 0, 1, 1 అంటూ మీకు సంకేతం పంపగలడు. వెలుగు మీది, మాట అతనిది!

ఫాస్టాగ్ చేసేది సరిగ్గా ఇదే. గేటు పైన ఉండే యంత్రాన్ని పఠన యంత్రం అందాం. అది సుమారు 866 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో రేడియో తరంగాలను కిందికి పంపుతుంది. చీటీ లోపల సన్నని లోహపు రేకుతో చేసిన ఏంటెనా, దాని నడుమ ఆవగింజ కన్నా చిన్నదైన సిలికాన్ ముక్క ఉంటాయి. ఏంటెనా తరంగాలను పట్టి, అందులోని శక్తితోనే సిలికాన్ ముక్కను మేల్కొలుపుతుంది. మేలుకొన్న ఆ ముక్క ఏంటెనా స్థితిని ఒక్కో క్షణం ఒక్కో రకంగా మారుస్తుంది. ఒక స్థితిలో ఏంటెనా తరంగాలను ఎక్కువగా వెనక్కి పంపుతుంది, ఇంకో స్థితిలో తక్కువగా పంపుతుంది. ఈ హెచ్చుతగ్గులనే పఠన యంత్రం అంకెలుగా చదువుకుంటుంది. ఇలా పరావర్తన శక్తితో సమాచారం పంపవచ్చునని హ్యారీ స్టాక్‌మన్ అనే ఆయన 1948లోనే ఒక వ్యాసంలో వివరించాడు. ఆనాడు చిన్న సిలికాన్ ముక్కలు లేవు. కనుక ఆ ఆలోచన అద్దం మీది చీటీగా మారడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఏంటెనా ఎంత పొడవు ఉండాలి? రేడియో తరంగాలు కాంతివేగంతోనే పోతాయి. సెకనుకు 30 కోట్ల మీటర్లు. దానిని 86 కోట్ల 60 లక్షలతో భాగించండి. సుమారు 0.35 మీటరు, అనగా 35 సెంటీమీటర్లు వస్తుంది. ఇది తరంగదైర్ఘ్యం. మామూలు ఏంటెనాకు ఇందులో సగం, అంటే 17 సెంటీమీటర్లకు పైగా పొడవు కావాలి. చీటీ అంత పొడవు లేదు కదా! అందుకే రేకును జిలేబీ చుట్టల్లా మెలికలు తిప్పి చీటీలో ఇమిడ్చారు.

ఇంత తక్కువ శక్తి సరిపోతుందా?

పదో తరగతి వారు ఈ లెక్క సులువుగా చేయగలరు. పఠన యంత్రం 4 వాట్ల శక్తిని అన్నివైపులా సమానంగా చల్లుతోందనుకుందాం. 5 మీటర్ల దూరానికి వచ్చేసరికి ఆ శక్తి 5 మీటర్ల వ్యాసార్ధం గల గోళం ఉపరితలమంతా పరుచుకుంటుంది. ఉపరితల వైశాల్యం 4 × 3.14 × 25, అంటే 314 చదరపు మీటర్లు. ఒక్కో చదరపు మీటరుకు దక్కేది 13 మిల్లీవాట్లకు కొంచెం తక్కువ. చీటీలోని ఏంటెనా సుమారు 150 చదరపు సెంటీమీటర్ల మేర పడే శక్తిని పట్టగలదనుకుంటే దానికి అందేది మిల్లీవాటులో ఐదో వంతు. 1 వాటు ఎల్.ఇ.డి. దీపం తీసుకునే శక్తిలో ఇది ఐదు వేలో వంతు! కాని ఆ సిలికాన్ ముక్కకు ఇందులో పదో వంతు దొరికినా చాలు. పైగా నిజమైన పఠన యంత్రం శక్తిని అన్నివైపులా చల్లక, టార్చిలైటు లాగ వరుస మీదికే గురిపెడుతుంది.

దూరం రెట్టింపయితే చీటీకి అందే శక్తి నాలుగో వంతు అవుతుంది. చీటీ నుంచి తిరిగి వచ్చే తరంగానికీ అదే గతి. కనుక యంత్రానికి తిరిగి చేరేది పదహారో వంతే. కారు మరీ దూరంగా ఉన్నప్పుడు చీటీ పలకకపోవడానికి కారణం ఇది.

మరో సంగతి. ఒక చిన్న ట్రాన్సిస్టర్ రేడియోను పాడుతుండగానే అల్యూమినియం రేకుతో నాలుగువైపులా బాగా చుట్టి చూడండి. పాట సన్నగిల్లుతుంది లేదా ఆగిపోతుంది. లోహం రేడియో తరంగాలను లోపలికి పోనివ్వదు. అందుకే చీటీని లోహపు భాగాలకు దూరంగా, గాజు మీద, చెప్పిన చోటనే అంటించమంటారు. జేబులో పెట్టుకుని గేటు దగ్గర చేత్తో ఊపడం తగదు. ఒకే చీటీని రెండు మూడు బండ్లకు వాడే మోసానికి అది దారి తీస్తుంది గనుక, అలా విడిగా పెట్టుకున్న చీటీలను నిషేధ జాబితాలో పెడతామని జాతీయ రహదారుల సంస్థ 2025 జూలైలో ప్రకటించింది. చీటీని ఒకసారి అంటించి పీకితే లోపలి రేకు తెగిపోయేటట్లు తయారుచేయడం కూడా ఇందుకే.

అందరూ ఒక్కసారిగా జవాబిస్తే?

తరగతిలో మేష్టారు ఒక ప్రశ్న వేస్తే నలభై మందీ ఒక్కసారి జవాబు చెబితే ఏం వినబడుతుంది? గోల! పఠన యంత్రం కింద రెండు మూడు చీటీలున్నా అదే జరుగుతుంది. దీనికి చక్కని ఉపాయం ఉంది. యంత్రం "అందరూ 0 నుంచి 7 లోపల ఒక అంకె తలచుకోండి" అని ఆజ్ఞ ఇస్తుంది. "0 తలచుకున్నవారు పలకండి" అంటుంది. ఆ తరువాత అందరూ తమ అంకెలోంచి ఒకటి తగ్గించుకుంటారు. ఇప్పుడు 0 వచ్చినవారు పలుకుతారు. ఇద్దరికి ఒకే అంకె తగిలితే వారు తరువాత ఆవృత్తంలో మళ్లీ తలచుకుంటారు. ఇదంతా రెప్పపాటులో ముగుస్తుంది. మీ తరగతిలో ఈ ఆట ఆడి చూడండి, బాగా పొద్దుపోతుంది.

ఈ ఉపాయం వల్ల ఒకే అద్దం మీద రెండు చీటీలున్నా యంత్రం రెండింటినీ చదువుతుంది. అప్పుడు డబ్బు దేని ఖాతాలోంచి తీసుకోవాలి? ఈ ప్రశ్న గుర్తుంచుకోండి, మళ్లీ దీని అవసరం వస్తుంది.

చీటీలో డబ్బు ఉంటుందా?

ఉండదు. చాలామంది పెద్దలు కూడా ఇక్కడే పొరపడతారు. చీటీలో ఉండేది ప్రధానంగా ఒక గుర్తు సంఖ్య. ప్రపంచంలో మరే చీటీకీ ఆ సంఖ్య ఉండదు. డబ్బు ఉండేది బ్యాంకులో. ఈ రెండింటినీ కలిపే పెద్ద చిట్టా ఒకటి ఉంది. దానిని భారత జాతీయ చెల్లింపుల సంస్థ, అంటే ఎన్.పి.సి.ఐ., నిర్వహిస్తోంది. ఏ గుర్తు సంఖ్య గల చీటీ ఏ రిజిస్ట్రేషన్ సంఖ్య గల బండిది, ఆ బండి ఏ తరగతికి చెందినది, చీటీ ఇచ్చిన బ్యాంకు ఏది, చీటీ ప్రస్తుతం చెల్లుతుందా లేదా అన్న వివరాలు ఆ చిట్టాలో ఉంటాయి.

కారు గేటు దాటినపుడు జరిగేది ఇది. పఠన యంత్రం చీటీ సంఖ్యను చదువుతుంది. గేటు తరఫున వసూలు చేసే బ్యాంకు ఆ సంఖ్యను చిట్టాలో సరిచూస్తుంది. రుసుము ఎంతో లెక్క కట్టి, చీటీ ఇచ్చిన బ్యాంకును అడుగుతుంది. ఆ బ్యాంకు ఖాతాలోంచి సొమ్ము తీసి, ఖాతాదారుకు సందేశం పంపుతుంది. లారీకి కారు చీటీ అంటించి తక్కువ రుసుముతో దాటిపోకుండా, ఇరుసులను లెక్కపెట్టే యంత్రమూ, బొమ్మ తీసే కెమెరా కూడా గేటు దగ్గర ఉంటాయి.

గమనించారా? ఈ మొత్తం వ్యవహారంలో "ఈ కారును ఇప్పుడు నడుపుతున్నది ఎవరు?" అన్న ప్రశ్న ఎవ్వరూ అడగలేదు. యంత్రానికి ఆ అవసరమే లేదు. అది సంఖ్యను చదువుతుంది, చిట్టా చెప్పిన ఖాతాలోంచి సొమ్ము తీస్తుంది. అంతే.

మూడు ముళ్లు

కారుకూ మనిషికీ మధ్య మూడు ముళ్లు ఉన్నాయనుకోండి. మొదటి ముడి చీటీకీ, కారుకూ మధ్య. రెండోది కారుకూ, యజమానికీ మధ్య. ఇది రవాణా శాఖ వారి రిజిస్ట్రేషన్ పత్రంలోనూ, వాహన్ అనే జాతీయ చిట్టాలోనూ ఉంటుంది. మూడోది చీటీకీ, బ్యాంకు ఖాతాదారుకూ మధ్య.

కారు కొత్తగా కొన్నపుడు మూడు ముళ్లూ ఒకే మనిషి దగ్గర కలుస్తాయి. చిక్కు లేదు. కారును అమ్మినపుడు? తాళాలు చేతులు మారుతాయి, డబ్బు చేతులు మారుతుంది. కాని ముళ్లు వాటంతట అవి విడిపోవు. రెండో ముడిని రవాణా కార్యాలయంలో మార్చాలి. మూడో ముడిని బ్యాంకులో విప్పాలి. ఈ రెండూ వేరు వేరు కార్యాలయాలు, వేరు వేరు పుస్తకాలు. ఒకచోట మార్చినంత మాత్రాన రెండోచోట మారిపోయిందని అనుకోరాదు.

పల్లెటూళ్లలో ఉన్నవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఆవుల చెవికి 12 అంకెలున్న పసుపుపచ్చ బిళ్ల వేస్తున్నారు కదా. సంతలో ఆవును అమ్మితే బిళ్ల ఆవుతోనే పోతుంది. కాని పశువైద్యశాల చిట్టాలో పేరు మార్పించకపోతే, ఆ సంఖ్యకు ఎదురుగా పాత రైతు పేరే కనబడుతుంది. బిళ్ల ఆవును గుర్తిస్తుందే గాని, ఆవు యజమానిని గుర్తించదు.

ముడి విప్పకపోతే నష్టం ఎవరికి?

ఒక ఉదాహరణ ఊహించండి. పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన సంక్రాంతికి ముందు తన కారును అమ్మారు. చీటీ అద్దానికే ఉండిపోయింది. కొన్నవారు పండుగకు సకుటుంబంగా బయలుదేరారు. పంతంగి దగ్గర పెద్దాయన ఫోను మోగింది. కొర్లపహాడ్ దగ్గర మళ్లీ, చిల్లకల్లు దగ్గర మళ్లీ. తిరుగు ప్రయాణంలో ఇంకో మూడుసార్లు. ఆయన ఇంట్లో కూర్చుని ఉండగానే ఆయన సొమ్ము రహదారి మీద ఖర్చయిపోయింది. చీటీలోని నిలువ తగ్గగానే దానంతట అదే నిండేటట్లు ఏర్పాటు చేసుకుని ఉన్నా, లేక చీటీని నేరుగా పొదుపు ఖాతాకే కలుపుకుని ఉన్నా నష్టం ఇంకా ఎక్కువ. నెలనెలా వచ్చే పింఛనులోంచే అది పోతుంది.

ఇది కొన్నవారి దురాశ వల్లనే జరగనక్కరలేదు. గేటు దానంతట అదే తెరుచుకుంటే వారికి అనుమానమే రాకపోవచ్చు. అసలు కారణం విప్పని ముడి.

ఇప్పుడు కొన్నవారి వైపు నుంచి చూద్దాం. పెద్దాయన విసిగి, ఒకనాడు చీటీలో డబ్బు వేయడం మానేశారు. నిలువ చాలక చీటీ నిషేధ జాబితాలోకి వెళ్లింది. కొన్నవారు అర్ధరాత్రి పిల్లాపాపలతో గేటు దగ్గర ఆగిపోయారు. చెల్లే చీటీ లేని బండికి రెట్టింపు రుసుము కట్టాలన్న నియమం ఉండేది. 2025 నవంబరు 15న అమలులోకి వచ్చిన సవరణలో నగదుగా కడితే రెట్టింపు, యు.పి.ఐ. ద్వారా కడితే ఒకటింబావు వంతు అని నిర్ణయించారు. అంటే 100 రూపాయల రుసుముకు నగదైతే 200, యు.పి.ఐ. అయితే 125. పోనీ, కొత్త చీటీ తీసుకుందామని బ్యాంకుకు వెళితే, ఈ బండికి ఇప్పటికే ఒక చీటీ ఉందని చిట్టా అడ్డు చెబుతుంది. ఒక బండికి ఒకే చీటీ అన్నది 2024 నుంచి గట్టిగా అమలు చేస్తున్న నియమం. రెండు చీటీలు ఒక్కసారి పలికితే వచ్చే గందరగోళం ఇందాక చూశాం కదా!

మీకు బాగా తెలిసిన పోలిక చెబుతాను. ఒక బడి వదిలి ఇంకో బడిలో చేరాలంటే టి.సి. తీసుకురావాలి. ఒకే విద్యార్థి పేరు రెండు బళ్ల హాజరుపట్టీల్లో ఉండకూడదు. పాత చీటీని మూసివేయడం కారుకు టి.సి. ఇవ్వడం వంటిది.

డబ్బును మించిన చిక్కు

నష్టం డబ్బుతో ఆగదు. టోలుగేటు చిట్టా ఒక సాక్ష్యం వంటిది. ఫలానా బండి ఫలానా వేళ ఫలానా గేటు దాటిందని అది చెబుతుంది. ఆ బండి ఏదైనా ప్రమాదం చేసిందనుకోండి. విచారణ జరిపేవారు చిట్టాలో ఉన్న పేరుగల వారి ఇంటికే ముందు వస్తారు.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం యజమాని అంటే సాధారణంగా రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరు ఉందో వారే. ఒక కారును దాని యజమాని 2007లో అమ్మారు. ఆ తరువాత అది ఇంకా చేతులు మారింది, కాని రిజిస్ట్రేషన్‌లో పేరు మారలేదు. 2009లో ఆ కారు వల్ల ప్రమాదం జరిగింది. పరిహారం బాధ్యత ఎవరిదన్న తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పత్రంలో ఎవరి పేరు ఉందో వారే యజమాని, బాధ్యత వారిదే అని 2018లో ఆ కోర్టు తీర్పు చెప్పింది. ప్రమాదంలో గాయపడినవారు అసలు యజమాని ఎవరా అని ఊరూరా వెతుక్కుంటూ తిరగకూడదన్నదే దీని వెనుకనున్న న్యాయం. మీరు ఆలోచిస్తే అది సబబేననిపిస్తుంది.

అమ్మేవారూ కొనేవారూ చేయవలసినవి

అదే చట్టంలోని 50వ సెక్షను ప్రకారం బండి అదే రాష్ట్రంలో చేతులు మారితే అమ్మినవారు 14 రోజుల లోపల రవాణా అధికారికి తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల లోపల తమ పేరుకు మార్పించుకోవాలి. దీనికి 29వ నంబరు, 30వ నంబరు ఫారాలు వాడుతారు. బీమా పత్రం పేరు మార్పుకు కొన్నవారు 14 రోజుల లోపల బీమా సంస్థకు దరఖాస్తు చేయాలి.

మన రెండు రాష్ట్రాల వారు ఒక విషయం గమనించాలి. 2014 జూన్ 2కు ముందు హైదరాబాదు కారును విజయవాడలో అమ్మితే అది ఒకే రాష్ట్రంలోని మార్పు. ఇప్పుడు రాష్ట్రాలు రెండు. కాబట్టి అమ్మినవారు నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. దానికి గడువు 45 రోజులు. రెండో రాష్ట్రంలో మళ్లీ రిజిస్టరు చేసినపుడు బండి సంఖ్యే మారిపోతుంది. పాత సంఖ్యతో ఉన్న చీటీ ఇంకేమి చెల్లుతుంది?

ఇక చీటీ సంగతి. అమ్మినవారు చీటీ ఇచ్చిన బ్యాంకుకు బండి అమ్మినట్లు తెలిపి, చీటీని మూసివేయమని కోరాలి. మిగిలిన నిలువనూ, ముందు కట్టిన ధరావతునూ తిరిగి ఇమ్మని అడగాలి. దానంతట అదే నిండే ఏర్పాటు ఉంటే రద్దు చేయాలి. తాళాలు ఇచ్చేముందే అద్దం మీది చీటీని పీకివేయడం మంచిది. అయితే ఒక్క మాట: పీకినంత మాత్రాన ముడి విడిపోదు. కాగితం చిరిగింది, చిట్టాలో రాత అలాగే ఉంది. బ్యాంకు మూసినట్లు తెలియజేసేవరకు పని పూర్తి కాలేదనే అనుకోవాలి. ఎన్.పి.సి.ఐ. వారి వెబ్‌సైటులో బండి సంఖ్య ఇచ్చి చీటీ స్థితిని ఎవరైనా చూసుకోవచ్చు. జాతీయ రహదారుల సహాయ కేంద్రం ఫోను నంబరు 1033.

కొన్నవారు రిజిస్ట్రేషన్ పత్రం, తమ గుర్తింపు పత్రం చూపి తమ పేరనే కొత్త చీటీ తీసుకోవాలి. "పాత చీటీలో నేనే డబ్బు వేసుకుంటాలే" అనుకోవడం తెలివైన పని కాదు. ఆ ఖాతా ఇంకొకరిది. వారు ఏ రోజు మూసివేస్తే ఆ రోజు మీ డబ్బు వారికే వాపసు పోతుంది!

2025 ఆగస్టు 15న కార్ల వంటి సొంత బండ్లకు వార్షిక పాసు మొదలైంది. ప్రారంభంలో దాని ధర 3000 రూపాయలు; ఏడాది గాని, 200 ప్రయాణాలు గాని, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. ఇది ఆ చీటీ అంటించిన బండికే చెందుతుంది, మరో బండికి మార్చుకునే వీలు లేదు. కనుక కారు అమ్మే ఆలోచన ఉన్నవారు పాసు కొనేముందే లెక్క చూసుకోవాలి.

ఒక పుకారు

గడియారం కట్టుకున్న ఒక కుర్రవాడు కారు అద్దం తుడుస్తూ చీటీలోంచి డబ్బు కాజేశాడని 2022లో ఒక వీడియో ఊరూరా తిరిగింది. ఇప్పటిదాకా చదివిన మీరే దీనికి జవాబు చెప్పగలరు. చీటీలో డబ్బు లేదు, సంఖ్య మాత్రమే ఉంది. సంఖ్యను చదివినా, బ్యాంకును డబ్బు అడిగే అధికారం నమోదైన టోలుగేటు వంటి వసూలు కేంద్రాలకే ఉంటుంది. దారిన పోయే మనిషికి కాదు. ఎన్.పి.సి.ఐ. కూడా ఆనాడు ఇదే వివరణ ఇచ్చింది. చీటీ విషయంలో నిజమైన నష్టం గడియారపు దొంగ నుంచి కాదు, మనం మార్పించని పేరు నుంచి వస్తుంది.

రేపటి గేటు

అడ్డుకర్రే లేని గేట్లు కూడా వస్తున్నాయి. కార్లు ఆగకుండా పోతుంటే, పైనున్న యంత్రాలు చీటీనీ, నంబరు పలకనూ చదువుతాయి. గుజరాత్‌లో చోర్యాసీ టోలుగేటు దగ్గర ఇటువంటి ఏర్పాటు కోసం 2025 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. గేటు దగ్గర ఆపి అడిగే మనిషి లేనపుడు రుసుము బాకీ నోటీసు ఎవరికి పోతుంది? పుస్తకంలో పేరున్నవారికి! యంత్రం ఎంత చురుకైనదైతే పుస్తకంలోని రాత అంత సరిగా ఉండాలన్నమాట.

మీరు చేయవలసిన పనులు

1. మీ ఇంట్లో గాని, బంధువుల ఇంట్లో గాని కారు ఉంటే, రిజిస్ట్రేషన్ పత్రంలో, బీమా పత్రంలో, ఫాస్టాగ్ ఖాతాలో ఎవరెవరి పేర్లున్నాయో పెద్దల అనుమతితో పట్టిక వేయండి. మూడూ ఒకటేనా?

2. గేటుకు గంటకు 200 కార్లు వస్తున్నాయి. ఒక్కో కారుకు 20 సెకన్లు పడుతోంది. మూడు గంటల తరువాత బారులో ఎన్ని కార్లుంటాయి?

3. చీటీ 5 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు అందిన శక్తి, 10 మీటర్ల దూరంలో ఎంతవుతుంది?

4. ఇంట్లో సెల్‌ఫోను నంబరు, గ్యాసు కనెక్షను, కరెంటు మీటరు వీటికి కూడా ఇటువంటి ముళ్లు ఉన్నాయా? ఇల్లు మారినపుడు వేటిని విప్పాలి?

రెండో ప్రశ్నకు జవాబు 60, మూడోదానికి నాలుగో వంతు. మొదటి ప్రశ్నకూ, నాలుగో ప్రశ్నకూ జవాబులు మీ ఇంటి బీరువాలోని కాగితాల్లో ఉన్నాయి, తీసి చూడండి. పేర్లలో తేడా కనబడితే అమ్మకో, నాన్నకో ఇవాళే చెప్పండి.